దత్తాంశ శాస్త్రవిద్య – నిర్మాణాభ్యాసము
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యానిధివారు నాకొసగిన విషయము మన పెద్దలు తమ బాల్యమున వినినది కాదు. నేడన్ననో దాని పేరు వినబడని యిల్లు అరుదు. మా కుమారుడు డేటా సైన్సులో ఎం. టెక్. చదువుచున్నాడని తండ్రి సెలవిచ్చును. వానికొరకు రెండెకరముల మాగాణి తాకట్టు పెట్టితిమని తల్లి మెల్లగా చెప్పును. అచ్చట నేమి నేర్చుచున్నాడని యడిగితిమేని యిరువురును మౌనము వహింతురు. ఆ మౌనమే నన్నీ వేదికకు తెచ్చినది.

పోగైన లెక్కలనుండి నిజమును రాబట్టు విద్యయే యిది. గణితము, సాంఖ్యకశాస్త్రము, కంప్యూటరును నడుపు నేర్పు దీనియందు గలసియున్నవి. తెలుగువారి కిది బొత్తిగా పరాయిది కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితమభ్యసించిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు కలకత్తాలో సాంఖ్యకశాస్త్రమున పట్టము పొంది, 1946లో కేంబ్రిడ్జికి పిలువబడిరి. ఎందులకు? సూడాను దేశమున జెబెల్ మోయాయందు త్రవ్వి తీసిన ప్రాచీనుల యెముకల కొలతలను పరిశీలించుటకు! ఆ పని చేయుచునే ఫిషరు పండితునియొద్ద పరిశోధించి 1948లో డాక్టరు పట్టము నందిరి.

చేసి చూచిన చదువున కెంత బలముండునో తెలుపుటకు అమెరికాలో జరిగిన యొక యుదంతము చెప్పెదను. 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అను ప్రఖ్యాత ఆర్థికశాస్త్రజ్ఞులు ఒక వ్యాసము ప్రకటించిరి. ప్రభుత్వఋణము జాతీయోత్పత్తిలో నూటికి 90 వంతులు మించిన దేశములలో ఉత్పత్తి యేటేట సగటున నూటికి 0.1 చొప్పున క్షీణించినదని వారి లెక్క. ప్రభుత్వవ్యయమును తగ్గింపవలెనను రాజకీయవేత్తలు దానిని ప్రమాణముగా చూపిరి. ఆమ్‌హర్స్టులోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమున థామస్ హెర్న్‌డన్ అను విద్యార్థికి, ప్రకటితమైన యొక వ్యాసమును తిరిగి లెక్కించి చూపుమని తరగతిలో పని యొసగిరి. అతడీ వ్యాసమునే యెంచుకొనెను. ఫలము కుదరలేదు. తుదకు గ్రంథకర్తలనే యడిగి వారి లెక్కల పట్టికను దెప్పించి చూడగా, 20 దేశములకు పోవలసిన సూత్రము 15 దేశములకే పోయి, ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియము, కెనడా, డెన్మార్కు విడిచిపోయి యుండెను! కొన్ని సంవత్సరముల లెక్కలు చేర్పకపోవుట, సగటు తీసిన తీరు, వీనిని గూడ సవరింపగా క్షయము కాదు, 2.2 వృద్ధి యని 2013లో అతడు గురువులిద్దరితో గూడి ప్రకటించెను. పట్టికలోని తప్పును గ్రంథకర్తలంగీకరించిరి. తక్కిన యాక్షేపణల నంగీకరింపలేదు. వ్యాసమును చదివి వప్పగించియున్న నాతనికి మంచి మార్కులే వచ్చియుండును. తప్పు మాత్రము బయటపడెడిది కాదు.

ఇటీవల నొక బాలుడు ఆరు ధ్రువపత్రములతో నాయొద్దకు వచ్చెను. రోగమును ముందుగా పసిగట్టు ప్రోగ్రామును జేసితిననియు, అది దాదాపు ఎన్నడును తప్పదనియు చెప్పెను. శోధింపగా, ఒకే రోగి వివరములు యంత్రమునకు నేర్పిన లెక్కలలోను, దానిని పరీక్షించిన లెక్కలలోను గూడ నుండెను. ప్రశ్నపత్రమును ముందు చూపి పరీక్ష పెట్టినట్లయినది. తప్పు బాలునిదని నేననను. పరులు వాడదగిన సాఫ్టువేరు నొక్కటియైనను నిర్మింపుమని రెండేండ్లలో వాని నడిగినవారు లేరు.

నిర్మింపబూనినవానికి ఖాళీ గడులు, ఒకచోట తేదీ ముందును మరియొకచోట నెల ముందును వ్రాసిన పట్టికలు ఎదురగును. ప్రతి భాగమునకును పరీక్ష వ్రాయవలెను. మార్చిన ప్రతి పంక్తి చరిత్రను గిట్ వంటి సాధనముతో భద్రపరుపవలెను. నేడు విరివిగా వాడుకలోనున్న స్పార్క్ 2009లో బర్క్‌లీయందు మతేయి జహారియా విద్యార్థిదశలో నారంభించినదే. అట్లని గణితమును విడువుడని నా మాట కాదు. గణితము రాని నిర్మాత యితరులు చేసిన ముక్కలను అతుకువాడు మాత్రమే.

పోషకులకు నా విన్నపము. విద్యానిధి మార్కులను మాత్రమే చూచి వేతనము లిచ్చుచున్నది. ఈ శాస్త్రమున పై పట్టమునకు చదువువారికి రెండవ యేటి వేతన మొసగుటకు ముందు, వారు నిర్మించిన ప్రోగ్రామును మరియొక విద్యార్థి తన కంప్యూటరుపై నడిపి, అదే ఫలము వచ్చినదని వ్రాసి యీయవలెను. కావలసిన సాధనములు పెక్కు ఉచితముగానే లభించును. కంప్యూటరు లేని పేదవానికి నిధి దానిని ఎరువిచ్చి చదువు ముగిసినపిదప తిరిగి పుచ్చుకొనవలెను. లేనిచో నీ నిబంధన కలవారి బిడ్డలకే యుపకరించును. ఈ తీర్మానమును మధ్యాహ్నసభలో ప్రవేశపెట్టుటకు అధ్యక్షులవారి యనుజ్ఞ వేడుచున్నాను.