తొమ్మిదో నంబరు హైహీల్స్



చెప్పుల షాపులో మగవాళ్ళ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. మనం రెండో జత తియ్యమనేసరికి గడియారం చూసుకుంటారు. మూడో జతకి బయటికి వెళ్ళి నిలబడతారు. నాలుగో జతకి ‘‘ఏదో ఒకటి తీసుకోవోయ్’’ అంటారు. ఈవేళ నేను మాట్లాడబోయేది ఆ మగవాళ్ళ గురించి కాదు. తమ కాళ్ళకే సరిపోయే ఆడవాళ్ళ జోళ్ళు, తమ ఒంటికే సరిపోయే చీరా జాకెట్టూ వెతుక్కుంటూ బజారుకి వచ్చే మగవాళ్ళ గురించి.

ముక్కున వేలేసుకున్నారా? వేసుకోండి, ఫరవాలేదు. కాని ఒక్క సంగతి జ్ఞాపకం చేస్తాను. మన అమ్మమ్మలూ నాయనమ్మలూ టిక్కెట్టు కొనుక్కుని, చాప పరుచుకుని, తెల్లవార్లూ చూసిన సత్యభామ ఎవరు? స్థానం నరసింహారావుగారు. 1902లో బాపట్లలో పుట్టిన మగవాడు. సత్యభామగా, చింతామణిగా, రోషనారగా ఆయన రంగం మీదికి వస్తే ఆడవాళ్ళే కళ్ళార్పకుండా చూసేవారట. 1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. ఆ తరవాత కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మగారు భామాకలాపంలో జడ ముందుకు వేసుకుని నిలబడితే, ఆ నిలబడడంలోనే సగం కథ చెప్పేసేవారు. ఆయనకీ 1970లో పద్మశ్రీ వచ్చింది. మహారాష్ట్రలో బాలగంధర్వ అనే ఆయన ఉండేవారు. ఆయన నాటకంలో కట్టిన చీర, చుట్టిన ముడి, పెట్టుకున్న నగ చూసి అక్కడి పెద్దింటి ఆడవాళ్ళు అలాగే కట్టుకునేవారు, అలాగే పెట్టుకునేవారు. అంటే ఏమిటన్నమాట? ఆడవాళ్ళ ఫ్యాషను ఒక మగవాడు నేర్పాడు, మనం నేర్చుకున్నాం!

వీళ్ళెవరూ మూలనున్న చీర ఒంటికి చుట్టేసుకుని రంగం ఎక్కినవాళ్ళు కారు. జాకెట్టు భుజం దగ్గర ముడత పడితే సత్యభామ గర్వం కాస్తా గాలికి పోతుంది. ఒంటికి అమరడమన్నది వాళ్ళకి వేషంలో సగం.

ఇక ఎత్తుమడమల సంగతికి వస్తే, అవి అసలు మనవే కావు. గుర్రమెక్కిన పర్షియా సైనికులు రికాబులో కాలు జారకుండా మడమ ఉన్న జోళ్ళు తొడిగేవారు. 1600 ప్రాంతంలో ఆ మోజు యూరపుకు పాకింది. ఫ్రాన్సు రాజు పధ్నాలుగో లూయీకి ఎర్రమడమల జోళ్ళంటే తగని ప్రీతి. 1701లో వేసిన ఆయన చిత్రపటంలో తెల్ల మేజోళ్ళు, ఎర్ర మడమలు స్పష్టంగా కనిపిస్తాయి. అప్పటికి ఆయనకి అరవై దాటాయి, చూడండి! కెనడాలోని టొరంటోలో బాటా కంపెనీ కుటుంబంవారు పెట్టిన జోళ్ళ మ్యూజియం ఒకటుంది. అక్కడ 2015లో కేవలం మగవాళ్ళ ఎత్తుమడమల చరిత్ర మీదే ఒక ప్రదర్శన పెట్టారు. మగవాళ్ళు వాటిని వదిలేశాక మనకి మిగిలాయి. నడుంనొప్పితో సహా.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా చెల్లెలి కొడుకొకడున్నాడు. బ్యాంకులో ఉద్యోగం. నాటకాల పిచ్చి. ఆ మధ్య వాళ్ళ వార్షికోత్సవ నాటకంలో మహిళా క్లబ్బు ప్రెసిడెంటు వేషం వాడికి వచ్చింది. ఆవిడ హైహీల్స్ వేసుకుని టకటకా నడిచివస్తే గుమాస్తాలు లేచి నిలబడాలి. అదీ సన్నివేశం. వాడు అయిదడుగుల పది అంగుళాల మనిషి. కాలు తొమ్మిదో నంబరు. ‘‘పెద్దమ్మా, తోడు రావా’’ అన్నాడు. వెళ్ళాను.

విజయవాడ బీసెంటు రోడ్డులో ఒక షాపు. పేరెందుకు లెండి. కుర్రాడు నన్ను చూసి, ‘‘మీ నంబరెంతండీ?’’ అన్నాడు. ‘‘నాకు కాదు బాబూ, వీడికి’’ అన్నాను. అంతే. అతను నవ్వాడు, పక్కవాణ్ణి పిలిచాడు, పక్కవాడు కౌంటరు దగ్గరాయన్ని పిలిచాడు. ‘‘ఫ్యాన్సీ డ్రెస్సా సార్?’’ అని ఒకడు. ‘‘మేడమ్‌గారికి పెన్సిల్ హీల్ చూపించరా’’ అని ఇంకొకడు. మావాడు నటుడు కదా, తనూ నవ్వేశాడు. ‘‘నాటకానికండీ’’ అన్నాడు. వాడికి చెప్పుకోవడానికి ఒక నాటకం ఉంది.

ఆ పక్కనే లేడీస్ అరల దగ్గర ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో టిఫిన్ క్యారియర్ సంచి. నల్లటి జోడు ఒకటి తీసి అరచేత్తో కొలుచుకుంటున్నాడు. మా దగ్గర నవ్వులు మొదలవగానే ఆ జోడు ఎక్కడిదక్కడ పెట్టేసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. చెల్లెలికి కొంటున్నాడో, భార్యకి కొంటున్నాడో, తనకే కొనుక్కుంటున్నాడో నాకేం తెలుసు? ఆ షాపువాళ్ళకి మాత్రం ఏం తెలుసు? నవ్విన ముగ్గురిలో ఒక్కడూ అతను వెళ్ళడం గమనించలేదు. మావాడికి తగిలిన నవ్వు మావాడికి అంటలేదు. అతనికి అంటింది.

అటువంటివాళ్ళు ఉన్నారండీ. వేషం కోసం కొనేవాళ్ళున్నారు, కట్టుకుంటే మనసుకి హాయిగా ఉంటుందని ఇంట్లో తలుపేసుకుని కట్టుకునేవాళ్ళున్నారు. ఇక పుట్టినప్పుడు మగపిల్లాడని రాసినా, తాము ఆడవాళ్ళమేనని లోపల ఎరిగినవాళ్ళున్నారు. వాళ్ళని మగవాళ్ళనడం తప్పు. తమని ఏ లింగంగా గుర్తించాలో చెప్పుకునే హక్కు వాళ్ళదేనని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. అందరికీ అమ్మే వస్తువు వాళ్ళకి అమ్మేటప్పుడు వివక్ష చూపకూడదని 2019లో చేసిన చట్టంలో రాశారు. కాని చట్టం దుకాణం గుమ్మం దాటి, చెప్పుల పెట్టె మూత తీసేదాకా రావాలంటే, మోకాళ్ళ మీద కూర్చుని జోడు తొడిగే కుర్రాడి మొహంలోకి ముందు రావాలి.

ఇంకో మాట. మీలో ఎవరికైనా బీరువా అడుగున మీకు సరిపోని పెద్ద నంబరు జోడో, మీది కాని నైటీయో కనిపించిందనుకోండి. గుండె దడదడలాడుతుంది, కాదనను. కాని దాన్నిబట్టి పరాయి స్త్రీ ఉందని తేల్చెయ్యకండి, పుట్టింటికి ఫోను చెయ్యకండి. మనిషి ఏం కట్టుకుంటాడన్నది ఒకటి, ఎవర్ని ప్రేమిస్తాడన్నది ఇంకొకటి. పిల్లలు పడుకున్నాక మెల్లిగా ఆయన్నే అడగండి. మీకు తోచిన జవాబు కన్నా ఆయన చెప్పే జవాబే నయం కావచ్చు.

సరే, మావాడి జోడు సంగతికి వద్దాం. చివరికి ఒక సందులో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. విషయం చెబితే ఆయన నవ్వలేదు. నేల మీద అట్ట పరిచి, రెండు పాదాలూ దాని మీద పెట్టించి, నిలబెట్టి, పెన్సిలు నిటారుగా పట్టుకుని చుట్టూ గీత గీశాడు. టేపు పెట్టి వేళ్ళ మొదట్లో చుట్టుకొలత తీశాడు. ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. ‘‘ఎంతసేపు నిలబడాలి బాబూ?’’

ఎంత మంచి ప్రశ్నో చూడండి. మనకే ఏ షాపులోనూ ఎవరూ వెయ్యరు. మడమ ఎత్తు పెరిగేకొద్దీ ఒంటి బరువు ముందుకి జరిగి వేళ్ళ మీద పడుతుంది. యాభై అయిదు కిలోల మనిషికే సాయంత్రానికి కాలు మంట పుడితే, ఎనభై కిలోల మనిషికి సన్నటి మడమ ఎక్కడ ఆగుతుంది? అందుకని ఆయన రెండున్నర అంగుళాల దిమ్మ మడమ పెట్టాడు. అరికాలు వంపు దగ్గర లోపల ఉక్కుబద్ద వేశాడు. చీలమండకి పట్టీ పెట్టాడు. పట్టీ లేకపోతే పాదం ముందుకి జారి వేళ్ళు నలిగిపోతాయి, అడుగు వేసినప్పుడల్లా మడమ ఊడివస్తుంది.

నంబర్ల గొడవ కూడా కాస్త తెలుసుకోవాలి. మన దేశంలో ఎక్కువగా వాడే బ్రిటిషు నంబర్లలో ఒక నంబరుకీ ఇంకో నంబరుకీ తేడా అంగుళంలో మూడో వంతు. యూరపు నంబర్లలో, అవే నలభై, నలభై ఒకటి అంటారు చూశారా, వాటిలో తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. అమెరికా నంబరైతే మగవాళ్ళ తొమ్మిది ఆడవాళ్ళకి సుమారు పదిన్నర అవుతుంది. ఫోనులో చూసి తెప్పించుకునేవాళ్ళు ఇది తెలియక జోళ్ళు వెనక్కి పంపుతూ ఉంటారు. నంబరు నమ్ముకోవద్దు. పాదం పొడుగు సెంటీమీటర్లలో కొలుచుకుని, కంపెనీవాళ్ళ కొలతల పట్టికతో సరిచూసుకోవాలి. అదీ సాయంత్రం పూట, రెండు కాళ్ళూ కొలిచి, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. పొడుగొక్కటే సరిపోతే చాలదు. ఆడవాళ్ళ జోడు తయారుచేసే అచ్చు సన్నం. మగవాళ్ళ పాదం వేళ్ళ దగ్గర వెడల్పు. ముందువైపు తెరిచి ఉన్నదో, గుండ్రంగా ఉన్నదో వాళ్ళకి నప్పుతుంది కాని, కొనదేలిన జోడు కొనుక్కుంటే గోళ్ళు నల్లబడడమే.

ఈ చిక్కే ఇంగ్లండులో ఒక ఫ్యాక్టరీకి కొన్నాళ్ళు బతుకుతెరువయింది. నార్తాంప్టన్ దగ్గర ఎర్ల్స్ బార్టన్ అనే ఊళ్ళో స్టీవ్ పేట్‌మన్ అనే ఆయన తాతతండ్రులనాటి మగవాళ్ళ జోళ్ళ ఫ్యాక్టరీ నడిపేవాడు. 1990ల్లో ఆర్డర్లు పడిపోయాయి. మగవాళ్ళ కాళ్ళకి సరిపోయే ఆడవాళ్ళ జోళ్ళు చేస్తారా అని ఒక షాపావిడ ఫోను చేసి అడిగింది. ఆయన నవ్వి ఫోను పెట్టెయ్యలేదు. చేశాడు. క్యాటలాగులో ఫోటోకి తన కాళ్ళే గొరిగించుకుని నిలబడ్డాడు! 1999లో బీబీసీవాళ్ళు ఆ కథ టీవీలో చూపించారు. 2005లో ‘కింకీ బూట్స్’ అని సినిమా వచ్చింది. అదే పేరుతో అమెరికాలో సంగీతనాటకం వచ్చి 2013లో ఆరు టోనీ అవార్డులు కొట్టుకుపోయింది. ఫ్యాక్టరీ మాత్రం 2000లో మూతబడింది. కథ బతికింది కాని కొలిమి ఆరిపోయిందన్నమాట.

జాకెట్టు దగ్గర ఇంకో ఇబ్బంది. టైలరు దగ్గరికి వెళితే మనని అడిగే మొదటి మాట ‘‘ఆది జాకెట్టు తెచ్చారా?’’ అని. మగవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? అతనికి ఆది లేదు, మొదలే! పోనీ అక్కదో వదినదో పట్టుకెళితే చెయ్యి ఎక్కదు. మగవాళ్ళకి వీపు వెడల్పు, చంక లోతు, చేతి చుట్టు మనకన్నా ఎక్కువ. నడుమూ తుంటీ ఇంచుమించు ఒకే తీరు. అందుకని ఛాతీ కొలతొక్కటే పట్టుకుని పెద్ద సైజు కుట్టేస్తే ముందు బుడగలా ఉబ్బుతుంది, వెనక కుట్లు పిగులుతాయి. భుజం, వీపు, చంక విడివిడిగా కొలవాలి. లోపలి దిండు పెట్టుకునేవారైతే అది పెట్టుకున్నాకే ఛాతీ కొలవాలి. మెడ మరీ వెడల్పుగా తియ్యకూడదు, భుజాలు ఇంకా వెడల్పుగా కనిపిస్తాయి. మోచేతిదాకా చెయ్యి పెడితే కండలు కనపడవు. కుట్టు లోపల రెండేసి వేళ్ళ బట్ట వదలమనాలి.

మావాడి జాకెట్టు కుట్టినావిడ మొదట సిగ్గుపడింది. మగవాళ్ళకి కొలతలు తియ్యనంది. ‘‘టేపు నేను పడతానమ్మా, నువ్వు రాసుకో’’ అన్నాను. మూడో కొలత దగ్గర, ‘‘అలా కాదండీ, వదులుగా పట్టారు’’ అని టేపు నా చేతిలోంచి లాక్కుంది. పని తెలిసిన మనిషికి సిగ్గు ఎంతసేపుంటుంది?

చీర సుఖమే అనుకుంటారు, ఎవరికైనా సరిపోతుందని. కాదండీ. చీర పొడుగు అయిదున్నర మీటర్లు ఉంటే ఉండనీండి, పన్నా సుమారు నలభై అయిదు నుంచి నలభై ఎనిమిది అంగుళాలే. మావాడికి నడుం దగ్గర్నుంచి నేల దాకా నలభై రెండు. దానికి మడమ రెండున్నర కలపండి. లోపలికి దోపుకోవడానికి మిగిలేది ఏపాటి? కుచ్చెళ్ళు రెండడుగులు వేసేసరికి జారతాయి. పొడుగుపాటి ఆడపిల్లలున్న తల్లులకి ఈ బాధ తెలిసే ఉంటుంది. దీనికి ఉపాయం సులువు. దోపుకునే వైపు అంచుకి, అదే రంగు నూలుబట్ట ఆరంగుళాల వెడల్పున అతుకు వేయించాలి. లోలంగాలోకి వెళ్ళిపోతుంది కనక పైకి కనపడదు. నాడా గట్టిగా ఉండాలి. నేత చీర అయితే కుచ్చెళ్ళు నిలుస్తాయి. జారుడు సిల్కు జోలికి కొత్తవాళ్ళు పోకూడదు.

మావాడు మొదట చీర కట్టుకుని, ఆ తరవాత వంగి జోడు తొడగబోయి, కుచ్చెళ్ళన్నీ ఊడదీసుకున్నాడు. లేచి చూస్తే అంచు నేలకి రెండంగుళాల పైన వేలాడుతోంది. ముందు జోడు వేసుకోవాలి, పట్టీ పెట్టుకోవాలి, లేచి నిలబడాలి. అప్పుడు చీర అందుకోవాలి.