నడివయస్సున నేర్చిన విద్య



ముప్పది సంవత్సరములకు మించి బడిపిల్లలకు సంధులు, సమాసములు చెప్పి విశ్రాంతి గొన్న తెలుగు పండితుడను నేను. ఉదయగిరి దుర్గము కనబడునంత దూరములో నా యిల్లు. ఇట్టివాడు కరెంటు పనిని గూర్చి ప్రసంగింపవచ్చెనని విని కొందరు నవ్వవచ్చును. ఆ నవ్వు నాకు క్రొత్త కాదు. ఒకప్పుడు నేనును ఒకని చూచి అట్లే నవ్వితిని. అది యెంతటి పొరపాటో నాకు తెలిసివచ్చిన విధమును మీతో చెప్పుకొనుటకే ఈ ప్రసంగము.

మన మెట్టప్రాంతపు సంగతి మీకు తెలియనిది కాదు. పెన్న నీటితో దిగువ మాగాణులు పచ్చగా నున్నను, ఉదయగిరి వైపు పొలములకు పెక్కింటికి ఆకాశమే ఆధారము. వాన తప్పిన యేట మన పిల్లలు చెన్నపట్టణమునకో, బెంగుళూరునకో, హైదరాబాదునకో, కొందరు సముద్రము దాటి గల్ఫు దేశములకో పోవుట ఏండ్ల తరబడి వచ్చుచున్న వాడుక. దుర్గపుకొండ కర్రతో చెక్కిన గరిటెలు, చెంచాలు మన ఊరికి పేరు తెచ్చినవి; భౌగోళిక గుర్తింపును పొందినవి. కాని ఆ పని ఊరి కందరికిని అన్నము పెట్టజాలదు గదా!

1930 ప్రాంతమున లోకమంతట వ్యాపారము క్రుంగినప్పుడు, ధాన్యపు ధరలు పడిపోయి రైతులు అప్పులపాలైన కథను పెద్దలు చెప్పగా వినియుంటిమి. మన కండ్లయెదుట వచ్చిన మాంద్యము 2020వ సంవత్సరపుది. ఆ యేడు మార్చి 25వ తేదీ మొదలు దేశమంతట రాకపోకలు నిలిచిపోయినవి. ఏప్రిలు నుండి సెప్టెంబరు వరకు రెండు త్రైమాసికములు వరుసగా దేశపు ఉత్పత్తి ముందటి యేటికంటె తగ్గెను. పత్రికలవారికి అవి అంకెలు. మనకు మాత్రము మూటాముల్లెలతో ఊరికి తిరిగివచ్చిన మనుష్యులు.

అట్లు వచ్చినవారిలో నాయొద్ద చదువుకొన్నవాడొకడు కలడు. అతని పేరు చెప్పుట న్యాయము కాదు. బెంగుళూరులో అద్దెకారు తోలుకొని బ్రదికెడివాడు. వయస్సు ముప్పదియేడు. భార్య, ఇద్దరు బిడ్డలు, ముసలి తల్లి. కారు తిరుగక అప్పువాయిదాలు నిలిచి, కారు పోయినది. ఏడాది పైగా కూలిపనులతో గడపి, 2021 చివర ఒకనాటి సాయంకాలము నాయొద్దకు వచ్చి, “అయ్యవారూ, కరెంటు పని నేర్చుకోవలెనని యున్నది. నెలరోజుల శిక్షణ యట. మీరేమందురు?” అని అడిగెను.

నేను నవ్వి, “నాయనా, మొక్కై వంగనిది మానై వంగునా?” అంటిని.

అతడు తల వంచుకొని, “వంగకున్న పిల్లలకు అన్నము లేదు, అయ్యవారూ,” అని నమస్కరించి వెడలిపోయెను. సామెత చెప్పి పంపితినని నేను నిశ్చింతగా నిద్రపోతిని. అతడు మాత్రము మరునాడే దరఖాస్తు పెట్టుకొనెను.

ఆ శిక్షణల సంగతి కొంత చెప్పవలసియున్నది. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో, అనగా ఐ.టి.ఐ.లలో, ఎలక్ట్రీషియను విద్యకు రెండేండ్లు పట్టును. 1950లో ఏర్పడిన ఆ పద్ధతి నేటికిని సాగుచున్నది. సంసారము గలవాడు రెండేండ్లు ఆర్జన లేక కూర్చుండలేడు. అట్టివారికై కురుచ శిక్షణలు పుట్టినవి. 1982లో కర్ణాటక దేశమున, ధర్మస్థలము చెంతనున్న ఉజిరె యను ఊర, ధర్మస్థల విద్యాసంస్థవారును రెండు బ్యాంకులవారును కలిసి నిరుద్యోగులకు ఉచితముగ భోజనవసతులతో పని నేర్పు సంస్థను స్థాపించిరి. ఆ మాదిరినే గైకొని కేంద్రప్రభుత్వమువారు జిల్లాకొక గ్రామీణ స్వయముపాధి శిక్షణ సంస్థను బ్యాంకులచేత పెట్టింప సంకల్పించిరి. 2015లో ప్రధానమంత్రి కౌశల వికాస యోజన యను పథకమును వచ్చినది. ఆ “కౌశల” శబ్దమును గూర్చి తుదకు మరల చెప్పెదను.

నెలలో ఏమి నేర్పుదురు? ఫేజు తీగ యేది, న్యూట్రలు ఏది, ఎర్తు ఏది యని గుర్తుపట్టుట. పని మొదలుపెట్టుటకు ముందు మెయిను తీసి, తీగలో కరెంటు లేదని టెస్టరుతో పరీక్షించుట. స్విచ్చి ఎప్పుడును ఫేజు తీగమీదనే యుండవలె ననుట. న్యూట్రలు మీద పెట్టినచో దీపము ఆరినను హోల్డరులో ప్రాణము తీయు కరెంటు నిలిచియే యుండును. తీగల అతుకులు, మీటరు బోర్డు, ఫ్యానులు, మోటారు స్టార్టరు. ఇంతమాత్రము. ఇది అక్షరాభ్యాసము, పాండిత్యము కాదు. ఈ భేదమును గుర్తించుటలోనే సర్వమును ఉన్నది.

2022 వేసవిలో మా యింట ఒక సంగతి జరిగినది. పెరటిలో నీటిమోటారు నడచుచుండగా ఎనిమిదేండ్ల నా మనుమరాలు దాని యినుప గొట్టమును ముట్టుకొని, కేకవేసి వెనుకకు పడిపోయినది. కాళ్లకు పొడి చెప్పులుండబట్టి ప్రాణము దక్కినది. ఆ మోటారుకు తీగ లాగినవాడు ఎవరివద్దనో చూచి నేర్చినవాడు. తక్కువ కూలికి వచ్చెనని నేనే పిలిచితిని. మెయిను తీసివేసి, ఎవరిని పిలుతునా యని ఆలోచింపగా నా శిష్యుడు జ్ఞప్తికి వచ్చెను. కబురంపగా ఆ మధ్యాహ్నపు టెండలోనే వచ్చెను.

బోర్డు విప్పి చూపెను. ఎర్తుకు ఉంచిన పచ్చతీగ పొట్టిగా కోసి, లోపల మడిచి పెట్టబడియుండెను. అది ఎక్కడికిని పోలేదు. “ఫ్యూజు ఉన్నది కదా, నాయనా, అదియేల కాలలేదు?” అని అడిగితిని. అతడు పలకమీద లెక్క చెప్పినట్లు చెప్పెను: “అయ్యవారూ, మన యింటి కరెంటు 230 వోల్టులు. దానిమీద 60 వాట్ల దీపము 260 మిల్లీ ఆంపియర్లు తీసికొనును. మనిషిని చంపుటకు అందులో చిన్న భాగము చాలును. మీ ఫ్యూజు 5 ఆంపియర్లది, అనగా 5,000 మిల్లీ ఆంపియర్లది. అది తీగను కాపాడును, మనిషిని కాపాడదు. ఎర్తు ఉన్నచో మోటారు ఒడలికి దిగిన కరెంటు ఒక్కుమ్మడి నేలలోనికి పారి ఫ్యూజును కాల్చివేయును. ఎర్తు లేకున్న అది మనిషి ముట్టువరకు కాచుకొని యుండును.”

నాకు నోట మాట రాలేదు. మానై వంగదంటినే, ఆ మాను నా గుమ్మమున నిలిచి నాకు పాఠము చెప్పుచుండెను.

వేపచెట్టు ప్రక్క గుంత త్రవ్వి, ఇనుప గొట్టము దింపి, బొగ్గును ఉప్పును నింపి ఎర్తు వేసెను. “మన మెట్టనేల వేసవిలో ఎండిపోవును, ఎండిన నేల కరెంటును సరిగా తీసికొనదు. వారమున కొకమారు ఇందులో నీరు పోయుడు,” అనెను. మెయిను వద్ద 30 మిల్లీ ఆంపియర్లు దారితప్పినంతనే కరెంటును తెగగొట్టు సాధనమును తెచ్చి పెట్టెను. మోటారు చుట్టలను చూచి, “ఇది నాకు చేతకాదు, ఆత్మకూరులో చుట్టెడివానికి పంపుదము,” అనెను. చేతకానిదానిని చేతకాదనుట ఎంతటి విద్యయో, పంతులుగిరి చేసినవారికే తెలియును.

ఇక నా అవివేకము వినుడు. పనికి కూలి 1,200 రూపాయలు అడిగెను. నేను, “నా శిష్యుడవు గదా, అయిదువందలు చాలునులే,” అంటిని. అతడు మారుపలుకక నిలుచుండెను. లోపలినుండి నా భార్య వచ్చి, “పిల్ల ప్రాణమునకు బేరమాడుచున్నారా?” అనెను. సిగ్గుపడి అడిగినంతయు ఇచ్చితిని. తీగకు, గొట్టమునకు, బొగ్గునకు అడిగిన వెల ఇత్తుము. తెలిసిన చేతికి ఇచ్చుటకు మాత్రము మనకు మనసు రాదు.

అతడిప్పుడు ధనవంతుడైనాడని చెప్పను. కారు తోలిననాటి ఆర్జన నేటికిని రాలేదు. కొన్ని వారములు పనియే యుండదు. కాని బిడ్డలు కన్నులయెదుట పెరుగుచున్నారు. వారములో మూడు దినములు ఆత్మకూరులో లైసెన్సుగల కంట్రాక్టరు చేతిక్రింద పనిచేయుచు, వైరుమను పర్మిటుకై సిద్ధపడుచున్నాడు. ఇది ముఖ్యమైన మాట. నెల శిక్షణ పత్రము లైసెన్సు కాదు. ఇంటి వైరింగు పని లైసెన్సుగల కంట్రాక్టరు ద్వారా, యోగ్యతాపత్రము గలవాని పర్యవేక్షణలో, పర్మిటుగలవారు చేయవలెనని నిబంధన కలదు. తొందరపడి ఒంటరిగా పెద్దపనికి దిగినవాడు తన ప్రాణమునకును ఎదుటివాని ప్రాణమునకును ముప్పు తెచ్చును.

పని పెరుగునే గాని తరుగదు. 2024లో కోటి యిండ్ల కప్పులమీద సూర్యశక్తి పలకలు పెట్టింపవలెనని కేంద్రప్రభుత్వము పథకమును ఆరంభించినది. ఆ పలకలకు మెయిను తీసినను ఎండ యున్నంతసేపు వాటిలో కరెంటు పుట్టుచునే యుండును. కావున నేర్చినవాడు మరల నేర్చుకొనుచునే యుండవలెను.

పెద్దలారా, మీకు నా విన్నపములు నాలుగు. పని పోయి ఊరు చేరినవాడు నడివయస్సున క్రొత్త విద్య నేర్తునన్నచో, నావలె సామెత చెప్పి పంపకుడు. పిల్లలను నెలరోజులు మేము చూచుకొందుమని చెప్పి పంపుడు. తిరిగివచ్చినపుడు చిన్నపని యిచ్చి, “ఎవరి చేతిక్రింద పనిచేయుచున్నావు?” అని అడుగుడు. మీ యింట ఎవరు తీగ లాగినను, “ఎర్తు వేసితివా? చూపుము,” అని కూలి ఇచ్చుటకు ముందే అడుగుడు. నాలుగవది, కరెంటు శాఖవారి స్తంభము నెక్కుమని ఎవనిని పురికొల్పకుడు. అది ఆ శాఖవారి పని.

కౌశల శబ్దము మాట మిగిలియున్నది. కుశలుడనగా మొదట దర్భలను తెచ్చువాడని పండితులు వ్యుత్పత్తి చెప్పుదురు. దర్భ అంచు కత్తివంటిది. చేయి తెగకుండ దానిని కోసి తేగలవాడే కుశలుడు. నేర్పరి యను అర్థము ఆ మాటకు దానినుండి రూఢమైనది. ముప్పది యేండ్లు ఈ మాటను బడిలో చెప్పితిని. దాని అర్థము మాత్రము నా పెరటిలో, వేపచెట్టు క్రింద, నా శిష్యుని చేతులు చూచిననాడు నాకు బోధపడినది.