పుట్టుమచ్చా? దెబ్బ మచ్చా?



మీలో చాలామంది ఇళ్ళలో పాత నాణేలు దాచిన డబ్బా ఒకటి ఉంటుంది. పియారా వాటర్స్‌లోని మన తెలుగు ఇళ్ళలో ఆ డబ్బాకు ఒక ప్రత్యేకత ఉంది. తాతయ్య ఊరి నుంచి తెచ్చిన అణాలూ, పైసలూ, ఇక్కడి పాత పెన్నీలూ అందులో కలిసిమెలిసి ఉంటాయి. వాటిలో ఒకదాని మీద గీతో, చుక్కో, సొట్టో కనబడితే చాలు, "ఇది టంకశాల వాళ్ళ పొరపాటు, బోలెడు డబ్బు వస్తుంది" అని అన్నయ్య అంటాడు. "అబ్బే, వట్టి అరుగుడు" అని చెల్లెలు అంటుంది. ఎవరి మాట నిజమో ఆ నాణెమే చెబుతుంది. దానిని ఎలా అడగాలో ఈరోజు చెప్పుకొందాం.

నాణెం ఎలా పుడుతుందో ముందు తెలియాలి. లోహపు రేకు నుంచి గుండ్రని బిళ్ళలు కోస్తారు. బిళ్ళను రెండు ఉక్కు అచ్చుల నడుమ ఉంచి గట్టిగా నొక్కుతారు. ఒక అచ్చు బొమ్మను, రెండవది బొరుసును ముద్రిస్తుంది. అచ్చులో గుంటగా ఉన్నది నాణెం మీద ఉబ్బెత్తుగా వస్తుంది.

పంచదార చిలకలు చేసే చెక్క అచ్చును మీ అమ్మమ్మను అడిగి చూడండి. ఆ అచ్చు కొంచెం బీట వారిందనుకోండి. పాకం ఆ బీటలోకి కూడా పోతుంది. చిలక వీపు మీద సన్నని గీత ఉబ్బుగా తేలుతుంది. నాణెం విషయమూ ఇంతే. ఉక్కు అచ్చు పగిలితే లోహం ఆ పగులులోకి పోయి ఉబ్బెత్తు గీత వస్తుంది. అది పుట్టుమచ్చ. తాళం చెవి గీసుకొని పడిన గీత లోపలికి దిగి ఉంటుంది. అది దెబ్బ మచ్చ. భూతద్దం పట్టుకొని, దీపం వెలుగు పక్క నుంచి పడేటట్లు చూస్తే తేడా తెలిసిపోతుంది. గోటితో గీకి చూడకండి, మరో మచ్చ మీరే చేసినవారవుతారు.

అరుగుదలకు ఒక వరుస ఉంది. చేతులు మారి మారి, జేబుల్లో దొర్లి దొర్లి ఎత్తుగా ఉన్నచోటే ముందు అరుగుతుంది. రాజుగారి చెంప, కనుబొమ, చెవి మీది జుట్టు మొదట నున్నబడతాయి. పల్లంలోని అక్షరాలు చాలాకాలం నిలుస్తాయి. అచ్చు బలంగా పడకపోయినా బొమ్మ మసకగానే ఉంటుంది. కాని ఆ మసక చోట కూడా కొత్త లోహపు మెరుపు మిగిలి ఉండవచ్చు. అరిగిన చోట అది మిగలదు.

అంచున నెలవంకలాగా ముక్క లేని నాణెం దొరికితే ఎదుటి అంచును చూడండి. రేకు సరిగా జరగక, అంతకుముందే కోసిన రంధ్రం మీద కోత పడితే అటువంటి బిళ్ళ వస్తుంది. అటువంటి బిళ్ళకు అంచు కట్టేటప్పుడు, ముక్క లేనిచోట ఒత్తిడి ఉండదు కనుక, సరిగ్గా ఎదుటి అంచు కూడా పలచబడుతుంది. ఎవరో తరువాత కత్తిరించిన నాణెంలో ఎదుటి అంచు చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఇక చిల్లు. 1943 నుంచి 1947 వరకు భారతదేశంలో నడుమ చిల్లు ఉన్న పైసాలు ముద్రించారు. యుద్ధకాలంలో లోహం పొదుపు కోసం చేసిన ఏర్పాటది. ఆ చిల్లు చుట్టూ అక్షరాలు చక్కగా అమరి ఉంటాయి. మెడలో వేసుకోవడానికి పొడిచిన చిల్లు అయితే అక్షరాన్నో, రాజుగారి కిరీటాన్నో కోసుకొంటూ పోతుంది.

లోపంలాగా కనబడి లోపం కానివి కూడా ఉన్నాయి. మన పెర్త్ టంకశాల 1899లో మొదలైంది. 1940ల తరువాత అక్కడ ముద్రించిన అనేక పెన్నీలలో "పెన్నీ" మాట చివర చిన్న చుక్క ఉంటుంది. అది మురికి కాదు, టంకశాల గుర్తు. 1916-18లో కలకత్తాలోను, 1942-43లో బొంబాయిలోను ఆస్ట్రేలియా పెన్నీలు ముద్రించారు. వాటి మీద ఇండియాకు గుర్తుగా "ఐ" అనే ఆంగ్ల అక్షరం ఉంటుంది. మీకంటే ముందే ఆ నాణేలు సముద్రం దాటి వచ్చాయన్న మాట! మీ రూపాయి నాణెం మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలలో పుట్టింది.

అసలైన పొరపాటుకు ఉదాహరణ కావాలంటే 2000వ సంవత్సరపు ఒక డాలరు నాణేలు వెతకండి. కాన్‌బెర్రా టంకశాలలో కొన్ని డాలరు బిళ్ళలకు రాణి తల ఉన్న పక్క పది సెంట్ల అచ్చు పడింది. ఆ అచ్చు డాలరు కంటె చిన్నది కనుక రాణి తల చుట్టూ అంచు రెండు వరుసలుగా కనబడుతుంది.

రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడిన ప్రతి నాణెమూ పొరపాటు కాదు. నాసిక్ జిల్లా జోగల్తెంబిలో 1906లో పదమూడు వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అవి క్షహరాత రాజు నహపానునివి. వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేల మీద మన శాతవాహన చక్రవర్తి గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మళ్ళీ కొట్టించాడు. కొత్త ముద్ర కింద ఓడిన రాజు ముఖం సగం సగం కనబడుతూ ఉంటుంది. తెలియనివారు చూస్తే చెడిపోయిన నాణెమంటారు. చరిత్రకారులు ఆ చెరిగిన ముఖాన్ని చూసే ఎవరి తరువాత ఎవరు ఏలారో తేల్చారు. నాకు డాలరు నాణెం ధర కంటె ఇదే ఎక్కువ విలువైన మచ్చ.

అందుకే నాణేన్ని చింతపండుతో తోమకండి. రాగి చెంబు తళతళలాడినట్లే అదీ తళతళలాడుతుంది. కాని సన్నని గీతలు పడి, సహజమైన పైపొర పోయి, పుట్టుమచ్చ ఏదో దెబ్బ మచ్చ ఏదో పోల్చుకోవడం కష్టమవుతుంది. అంచులు పట్టుకొని చూసి, కాగితపు పొట్లంలో పెట్టి, ఎవరు ఏ ఊరి నుంచి తెచ్చారో పొట్లం మీద రాయండి. తాతయ్య ఫోనులో దొరికినప్పుడే అడిగి రాసుకోండి.