సమాచారం చేరాలి, ఆనవాలు చిక్కొద్దు

(రుద్రారంలో జరిగిన రైతు సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను యూరియా గురించో, మద్దతు ధర గురించో మాట్లాడటం లేదు. మన జేబులో ఉన్న ఫోన్ గురించి మాట్లాడతాను. ఫోన్‌కూ రైతు సంఘానికీ ఏం సంబంధమని అడగొచ్చు. అందుకే ముందుగా ఒక సంగతి చెప్తాను.

మన చుట్టుపక్కల ఊర్లోనే ఒక రైతు రాత్రి మోటారు పెట్టడానికి బాయి కాడికి పోయాడు. ఒక ట్యాంకరు లైట్లు ఆర్పేసి వాగు ఒడ్డున నిలబడి ఉంది. పైపు వాగులోకి వేసి ఉంది. ఈయన ఫోటో తీసి, రెండు వందల మంది ఉన్న ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. తెల్లారేసరికి ఇద్దరు మనుషులు ఆయన పొలం గెట్టు మీద నిలబడ్డారు. తిట్టలేదు, కొట్టలేదు. "మీ అబ్బాయి ఏ కంపెనీలో చేస్తున్నాడు?" అని మాత్రం అడిగి పోయారు. ఆ మాట ఆయనకు చాలు. ఆ ఫోటో పట్టుకుని బోర్డు దగ్గరికి పోదామని మేము ఎంత చెప్పినా మళ్లీ నోరు విప్పలేదు.

మన ప్రాంతపు కష్టమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. వాగు పాడైతే నష్టపోయేది తండ్రి, పాడు చేసే చోట జీతం తీసుకునేది కొడుకు. ఫిర్యాదు చేయాలంటే ఇంట్లోనే భయం. అందుకే ఈ మాటలు చెప్పాల్సి వస్తోంది.

సాక్ష్యం విలువ మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. నక్కవాగు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టు దాకా పోయిన ప్రాంతం మనది. పటాన్‌చెరు డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు రోగుల చేతుల మీద, పశువుల ఒంటి మీద కనిపించిందంతా ఏళ్ల తరబడి రాసి పెట్టారు. కోర్టు ఆదేశాలతో పంట నష్టం లెక్కగట్టి పరిహారం ఇప్పించిందీ ఇక్కడే. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లు పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ మందు తేలింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. శుద్ధి చేశామని వదిలిన నీళ్లు అవి! ఈ అంకె బయటికి వచ్చాకే ప్రపంచం మన వాగు వైపు చూసింది. కాబట్టి సమాచారం బయటికి రావాలి. తెచ్చినవాడు బతికి బట్టకట్టాలి. రెండూ ముఖ్యమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఐపీ అడ్రస్ అంటే ఏంది? మీ ఫోన్ ఇంటర్నెట్‌లో ఏ పేజీ తెరిచినా, ఆ పేజీ తిరిగి మీ దగ్గరికి రావాలంటే ఒక చిరునామా కావాలి. అంకెలతో ఉండే ఆ చిరునామానే ఐపీ అడ్రస్. మీరు చూసిన వెబ్‌సైటుకు అది తెలుస్తుంది. ఆ చిరునామా ఏ సిమ్‌ది, ఎవరి పేరు మీద ఉందన్నది మాత్రం వెబ్‌సైటుకు తెలియదు, మీ సిమ్ కంపెనీకి తెలుస్తుంది. ఒకే చిరునామాను వందల ఫోన్లు పంచుకున్నా, ఏ నిమిషంలో ఎవరు వాడారన్న లెక్క కంపెనీ దగ్గర ఉంటుంది. ఆ లెక్కను కనీసం రెండేళ్లు దాచాలని 2021 డిసెంబరులో కేంద్ర టెలికాం శాఖ లైసెన్సు షరతు మార్చింది. వెబ్‌సైటు దగ్గరి చిరునామా, సిమ్ కంపెనీ దగ్గరి పేరు, ఈ రెండూ కలిస్తే మనిషి దొరికిపోతాడు.

ఇది ఊహ కాదు. 2021లో ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు కూర్చున్నప్పుడు, ఉద్యమానికి మద్దతుగా తయారైన ఒక టూల్‌కిట్ కాగితం మీద కేసు పెట్టారు. అది ఏ ఐపీ అడ్రస్ నుంచి తయారైందో చెప్పమని పోలీసులు గూగుల్‌ను అడిగారు. ఆ ఫిబ్రవరి 13న బెంగళూరులో దిశా రవి అనే 22 ఏళ్ల అమ్మాయిని అరెస్టు చేశారు. పది రోజులకు కోర్టు బెయిలు ఇచ్చింది. రైతుల పక్షాన ఒక కాగితం దిద్దినందుకు పది రోజులు లోపల ఉండాల్సి వచ్చింది.

మరి చిరునామా దాచుకోవడం తప్పా? కాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలతో ఏకగ్రీవంగా చెప్పింది. మన రాష్ట్రంలో టార్ గానీ వీపీఎన్ గానీ వాడటం నేరం కాదు. వాటి చాటున బెదిరింపులు, మోసాలు చేస్తే నేరమే. ఆ తేడా గుర్తుంచుకోండి.

ఇంతకూ దాచుకోవడం ఎట్లా? ముందు ఒక అపోహ తీసేద్దాం. చాలామంది పిల్లలు బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో పెట్టి, ఇక ఎవరికీ తెలియదనుకుంటారు. అది మీ ఫోన్‌లో చరిత్ర మిగలకుండా చేస్తుంది, అంతే. ఐపీ అడ్రస్ ఎప్పటిలాగే కనిపిస్తుంది.

సులువైన పని ఒకటి మీ వాట్సాప్‌లోనే ఉంది. వాట్సాప్‌లో ఇద్దరు నేరుగా మాట్లాడుకుంటే అవతలి ఫోన్‌కు మీ ఐపీ అడ్రస్ తెలిసే వీలుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, దాని కింద అడ్వాన్స్‌డ్ నొక్కితే, కాల్స్‌లో ఐపీ అడ్రస్ కాపాడమనే మీట ఉంటుంది. అది ఆన్ చేయండి. అప్పుడు కాల్ వాట్సాప్ సర్వర్ల మీదుగా పోతుంది. మాట కొంచెం తెగొచ్చు, కానీ చిరునామా అవతలి వాడికి చేరదు.

రెండోది టార్ బ్రౌజర్. ఉచితం. ఏళ్లుగా ప్రపంచమంతా విలేకరులు, ఉద్యమకారులు వాడుతున్నది. దాని గుర్తు ఉల్లిగడ్డ. ఎందుకంటే మీ సమాచారం మీద మూడు పొరలు చుడుతుంది. అది మూడు వేర్వేరు కంప్యూటర్ల మీదుగా పోతుంది. మొదటి కంప్యూటర్‌కు మీరెవరో తెలుసు, ఎక్కడికి పోతున్నారో తెలియదు. చివరి దానికి ఎక్కడికి పోతున్నారో తెలుసు, మీరెవరో తెలియదు. నడిమి దానికి రెండూ తెలియవు. మీరు తెరిచిన వెబ్‌సైటుకు కనిపించేది ఆ చివరి కంప్యూటర్ చిరునామా. అది జర్మనీలో ఉండొచ్చు, ఇంకెక్కడైనా ఉండొచ్చు.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి టార్ బ్రౌజర్ అని వెతకండి. తయారుచేసింది టార్ ప్రాజెక్ట్ అని ఉందో లేదో చూడండి. అదే పేరుకు దగ్గరగా నకిలీలు ఉంటాయి, విత్తనాల సంచుల సంగతి మీకు తెలిసిందే కదా. దించుకున్నాక కనెక్ట్ నొక్కి ఒక నిమిషం ఆగండి. ఆ తర్వాత మామూలు బ్రౌజర్ లాగే వాడుకోవచ్చు. నెమ్మదిగా ఉంటుంది, ఓపిక పట్టాలి. ఐఫోన్ ఉన్నవాళ్లు ఆనియన్ బ్రౌజర్ వాడొచ్చు.

మూడోది వీపీఎన్. ఇక్కడ జాగ్రత్త చాలా అవసరం. వీపీఎన్ అంటే మధ్యలో ఒకే ఒక్క కంపెనీ. మీ సిమ్ కంపెనీకి తెలియాల్సిన సంగతులన్నీ ఇప్పుడు ఆ కంపెనీకి తెలుస్తాయి. ఉచితంగా ఇస్తున్నాడంటే వాడి బతుకుదెరువు ఏందో అడగాలి. ఫేస్‌బుక్ సంస్థ ఒనావో అనే ఉచిత వీపీఎన్‌ను రక్షణ పేరుతో ఇచ్చి, జనం ఫోన్లలో ఏం చూస్తున్నారో తన వ్యాపారం కోసం సేకరించింది. 2023లో ఆస్ట్రేలియా కోర్టు దాని మీద రెండు కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. అప్పు ఉట్టిగా ఇచ్చే షావుకారు ఎక్కడా ఉండడు. మన దేశంలోనైతే వీపీఎన్ కంపెనీలు వాడకందార్ల పేరు, చిరునామా, ఐపీ వివరాలు ఐదేళ్లు దాచాలని 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఆదేశించింది. అందుకే కొన్ని పెద్ద కంపెనీలు తమ సర్వర్లను మన దేశం నుంచి ఎత్తేశాయి. ఉచితమైన వాటిలో స్విట్జర్లాండ్ నుంచి నడిచే ప్రోటాన్ వీపీఎన్ నయం. డేటాకు పరిమితి లేదు, దాని ప్రోగ్రామ్‌ను ఎవరైనా పరిశీలించుకోవచ్చు. మామూలు అవసరాలకు అది చాలు. ఒకరి ఉద్యోగానికో, ప్రాణానికో ముప్పు ఉన్న పనైతే టార్ వాడండి.

ఇక చాలామంది చెప్పని మాట చెప్తాను. ఐపీ అడ్రస్ దాచినంత మాత్రాన మనిషి దాగడు. మొదట చెప్పిన రైతును పట్టిచ్చింది ఐపీ అడ్రస్ కాదు. ఫోటో మూలన ఆయన స్టార్టర్ డబ్బా, పక్కన వేపచెట్టు ఉన్నాయి. ఊర్లో ఎవరికైనా అది ఎవరి బాయో తెలుసు. పైగా గ్రూపులో పెట్టింది ఆయన నంబరుతోనే. టార్ ఉన్నా ఆయనను కాపాడేది కాదు.

కాబట్టి కొన్ని జాగ్రత్తలు. టార్ తెరిచి మీ సొంత ఫేస్‌బుక్‌లోకో, సొంత జీమెయిల్‌లోకో పోతే పేరు చెప్పుకుని ముసుగు వేసుకున్నట్టే. టార్‌లోనే కొత్త మెయిల్ తెరవండి. ఫోన్ నంబరు అడిగితే అక్కడే ఆగండి. ఇంకో సంగతి, ఫోన్‌తో తీసిన ఫోటో లోపల తేదీ, సమయం, ఫోన్ మోడల్, ఒక్కోసారి తీసిన చోటు కూడా రాసి ఉంటాయి. మెయిల్‌లో పంపితే అవన్నీ వెంట పోతాయి. ఫోటోకు స్క్రీన్‌షాట్ తీసి, గుర్తుపట్టే మూలలు కత్తిరించి, ఆ కాపీ పంపండి. అసలు ఫోటోను మాత్రం చెరపకండి. రేపు కోర్టుకు పోతే అదే సాక్ష్యం. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జోడించాలి. అసలు ఫైలు లేకుంటే ఆ పత్రానికి బలం ఉండదు.

కంపెనీ వైఫై మీద, కాలేజీ వైఫై మీద ఈ పని చేయొద్దు. 2013 డిసెంబరులో అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ విద్యార్థి ఒకడు పరీక్ష తప్పించుకోవడానికి టార్ నుంచి బాంబు బెదిరింపు పంపాడు. అతను చేసింది నేరమే. కానీ దొరికిన తీరు చూడండి. మెయిల్ టార్ నుంచి వచ్చింది. ఆ సమయంలో కాలేజీ వైఫై మీద టార్ వాడింది ఎవరో వెతికారు, కొద్దిమందే తేలారు. టార్‌లో ఏం చేశారో కనిపించకపోయినా, టార్ వాడుతున్నారన్నది నెట్ ఇచ్చేవాడికి కనిపిస్తుంది. పాశమైలారంలో షిఫ్టులో ఉన్న మన పిల్లవాడు కంపెనీ వైఫై మీద టార్ తెరిస్తే, లోపలివాళ్లకు వెతకడం సులువు చేసినట్టే. ఇంటికి వచ్చి, రెండు రోజులు ఆగి, తన సొంత డేటాతో పంపాలి.

బ్యాంకు పనులకు, భూభారతి లాంటి ప్రభుత్వ పనులకు టార్, వీపీఎన్ వాడకండి. విదేశీ చిరునామా కనిపిస్తే కొన్ని తెరుచుకోవు, కొన్ని ఖాతాను ఆపేస్తాయి. అక్కడ మన పేరు మనమే చెప్పుకుంటున్నాం, దాచేది ఏమీ లేదు. నెట్ మొత్తం ఆపేసినప్పుడు ఇవేవీ పనికిరావు. 2021 జనవరిలో సింఘు, టిక్రీ, ఘాజీపూర్‌లలో అదే జరిగింది. అప్పుడు పనికొచ్చేది మనిషి నుంచి మనిషికి పోయే మాటే.

ఆర్టీఐ దరఖాస్తుకు పేరు పెట్టక తప్పదు. అయితే ఇంటి చిరునామాకు బదులు పోస్టు బాక్సు నంబరు ఇవ్వొచ్చని 2013లో కలకత్తా హైకోర్టు చెప్పింది. వీలైనంత వరకు సంఘం తరఫున బాధ్యులే దరఖాస్తు పెడితే మంచిది.

చివరిగా ఒక్క మాట. నేను అందరినీ ముసుగు వేసుకోమనడం లేదు. సంఘం బలం ముఖం చూపించి నిలబడటంలోనే ఉంది. ధర్నాకు, వినతిపత్రానికి, కేసుకు మన పేర్లు, మన సంతకాలు ఉండాల్సిందే. కానీ ఫ్యాక్టరీ లోపల ఉన్నవాడికి ఆ అవకాశం లేదు. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. ఫ్యాక్టరీల లోపల ఏది సరిగా లేదో ముందుగా తెలిసేది అక్కడ పనిచేసేవాళ్లకే. బయటికి చెప్పడానికి వాళ్లకు భయం లేని దారి ఒకటి ఉండాలి. ఆ దారి చూపించడం మన పని. వాళ్లు పంపిన దాన్ని మనం పోయి కళ్లతో చూసి, నిజమని తేల్చుకుని, సంఘం లెటర్‌హెడ్ మీద, సంఘం పేరుతో ఇవ్వాలి. పేరు లేని కాగితాన్ని ఆఫీసులో పక్కన పడేస్తారు. వంద మంది సంతకాలున్న కాగితాన్ని పడేయలేరు.

ఈ నెల ఒక పని చేద్దాం. ప్రతి గ్రామ కమిటీ నుంచి ఒక్కరు, ఆడపిల్లలైతే ఇంకా మంచిది, టార్ బ్రౌజర్ పెట్టుకుని నేర్చుకోండి. తర్వాత ఊర్లో పది మందికి చూపించండి. అవసరం పడినప్పుడు నేర్చుకుందామంటే కుదరదు. వాన పడ్డాక గట్టు కట్టలేం కదా.