లాంగ్‌స్ట్రీట్ మీద పడ్డ నింద

1863 జూలై 3న పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ దగ్గర అమెరికా అంతర్యుద్ధంలోకెల్లా పెద్ద పోరు మూడోనాడు ముగిసింది. బానిసత్వం మీద రేగిన ఆ యుద్ధంలో ఒకవైపు అధ్యక్షుడు లింకన్ వెంట ఉత్తరాది రాష్ట్రాలు, ఎదురుగా విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు. నేను నేరుగా సేనాపతుల దగ్గరికి వస్తాను.

మా కాలేజీలో చరిత్ర మాస్టారు ఉత్తరాది సేన నిలిచిన గుట్టల వరసను నల్లబల్ల మీద గాలం ఆకారంలో గీసి, "దీన్ని ఎదురెళ్లి కొట్టగలరా?" అని అడిగేవారు. దక్షిణాది సేనలో ఆ సందేహం వచ్చినవాడు సేనాని జేమ్స్ లాంగ్‌స్ట్రీట్. నేరుగా దాడి వద్దు, పక్కనుంచి చుట్టి వెళ్లి శత్రువుకీ వాళ్ల రాజధాని వాషింగ్టన్‌కీ మధ్య మంచి చోటు చూసుకుని కాచుకుందాం, వాళ్లే వచ్చి మనమీద పడతారన్నాడు. ఆ సేనకు అధిపతి రాబర్ట్ లీ ఒప్పుకోలేదు. మూడోనాటి మధ్యాహ్నం, దాడికి దిగాల్సిన సేనాని పికెట్ వచ్చి "కదలమంటారా?" అని అడిగితే లాంగ్‌స్ట్రీట్‌కు నోరు పెగల్లేదు. తల మాత్రం వంచాడు. దాదాపు 12,500 మంది ఆ గుట్టల ముందున్న మైదానంలోకి నడిచారు. చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ పట్టుబడ్డవాళ్లూ కలిపితే సగానికి పైనే. తిరిగొచ్చినవాళ్లకు ఎదురెళ్లి తప్పంతా నాదేనన్నాడు లీ. ఆ ఒక్క మాటకే లీ అంటే నాకు గౌరవం.

మరో రెండేళ్లకు యుద్ధం దక్షిణాది ఓటమితో ముగిసింది.

మరి గెటిస్‌బర్గ్ ఓటమికి లాంగ్‌స్ట్రీటే కారకుడన్న మాట ఎక్కడిది? 1870లో లీ పోయాక ఊపందుకుంది. రెండోనాడు తెల్లవారుతూనే దాడి చెయ్యమంటే ఈయన తాత్సారం చేశాడని లీ కింద పనిచేసిన సేనానులు జూబల్ ఎర్లీ, పెండిల్టన్ లాంటివాళ్లు ఉపన్యాసాలిచ్చారు. అలాంటి ఆజ్ఞ తామెరగమని లీ సొంత సిబ్బందే ఉత్తరాలు రాశారు. రెండోనాటి మధ్యాహ్నం ఆయన కదలిక నెమ్మదిగా సాగిన మాట నిజం. తెల్లవారుజాము కథ మాత్రం నిలవదు.

వాళ్ల అసలు కోపం వేరు. యుద్ధం అయ్యాక లాంగ్‌స్ట్రీట్, ఉత్తరాది సేనాపతి గ్రాంట్ ఉన్న రిపబ్లికన్ పార్టీలో చేరి, నల్లజాతివారి ఓటుహక్కును ఒప్పుకోమని తనవాళ్లకే చెప్పాడు. 1874 సెప్టెంబర్‌లో న్యూ ఆర్లీన్స్ వీధుల్లో, నల్లజాతివారున్న మిలీషియాను నడిపిస్తూ శ్వేతజాతి ఆధిపత్యం కోరే వైట్ లీగ్ మూకలకు ఎదురు నిలిచి గాయపడ్డాడు. ఆ రోజూ ఓటమే. అయినా గెటిస్‌బర్గ్‌లో కన్నా ఆ వీధిలోనే నాకాయన పెద్ద సేనాపతి.

గెటిస్‌బర్గ్‌లో గుర్రం మీద లీ విగ్రహం 1917లోనే నిలిచింది. లాంగ్‌స్ట్రీట్‌కు మాత్రం 1998 దాకా చోటు దొరకలేదు. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం.