చలి గదుల లెక్క



స్నాతకోత్సవ వేదికల మీద దేశ భవిష్యత్తు, యువశక్తి లాంటి పెద్ద మాటలు వినడం ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీకు అలవాటే. నేను మాత్రం ఒక చిన్న కాగితం గురించి మాట్లాడతాను. బడికి నెలనెలా వచ్చే కరెంటు బిల్లు, గ్యాస్ బిల్లు. మీలో సివిల్, ఎలక్ట్రికల్ ఇంజనీర్లున్నారు, బి.ఎడ్. పూర్తిచేసినవారున్నారు, కామర్స్ చదివినవారున్నారు. కట్టేవాళ్లు, పాఠం చెప్పేవాళ్లు, పద్దు రాసేవాళ్లు, ముగ్గురి పనీ ఆ కాగితం మీదే కలుస్తుంది. ఇందుకు నేను తీసుకునే ఉదాహరణ 2022–23 చలికాలంలో ఇంగ్లండ్ బడులు. మీలో కొందరు పైచదువులకు వెళ్లబోయే దేశం అది. అంత డబ్బున్న దేశంలో పిల్లలు కోట్లు విప్పకుండా పాఠాలు వినే స్థితి ఎందుకొచ్చిందన్న అనుమానం ఎవరికైనా రావాలి. ఆ చలికి అసలు కారణం ఆ ఏడాది పెరిగిన ధర కాదనీ, దశాబ్దాల ముందే కట్టిన గోడల్లోనూ కేటాయించని డబ్బులోనూ అది ఉందనీ నా వాదన.

ముందు జరిగింది చెబుతాను. యూరప్‌లో గ్యాస్ ధరలు 2021 శరదృతువు నుంచే పెరుగుతూ వచ్చాయి. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగాక అవి అదుపు తప్పాయి. బ్రిటన్‌లో ఇళ్ల బిల్లులకు ఆఫ్‌జెమ్ అనే నియంత్రణ సంస్థ గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. బడులకు ఆ రక్షణ లేదు. వ్యాపార సంస్థల్లాగే అవి కూడా సరఫరాదారుతో ఏడాదికో, రెండు మూడేళ్లకో ఒప్పందం కుదుర్చుకోవాలి. దాంతో విచిత్రమైన పరిస్థితి వచ్చింది. ఒప్పందం గడువు 2024 దాకా ఉన్న బడి పాత ధరకే గదులు వెచ్చబెట్టుకుంటే, 2022 సెప్టెంబరులో గడువు తీరిన బడికి కొత్త ధర చూసి గుండె ఆగినంత పనయింది. అందులో ఏ ప్రధానోపాధ్యాయుడి తెలివీ లేదు, ఎవరి దుబారా లేదు. ఉన్నదల్లా తేదీల జూదం. అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం ఆరు నెలల సహాయ పథకం పెట్టింది. వెయ్యి యూనిట్ల కరెంటుకు 211 పౌండ్లు, గ్యాస్‌కు 75 పౌండ్లు టోకు ధరగా నిర్ణయించి, ఆ పైది తానే భరించింది. 2023 ఏప్రిల్‌లో వచ్చిన రెండో పథకం దీనికంటే బాగా పలచన.

2022 జులైలో చాలామంది టీచర్లకు 5 శాతం జీతం పెంపు ప్రకటించారు. న్యాయమైన పెంపే. కానీ దానికి అప్పుడు ప్రత్యేకంగా డబ్బు ఇవ్వలేదు, ఉన్న బడ్జెట్‌లోంచే సర్దుకోమన్నారు. జీతాలు, పుస్తకాలు, వెనుకబడిన పిల్లల పక్కన కూర్చుని చదివించే సహాయకులు, బాయిలర్ మంట, అన్నిటికీ ఒకటే సంచి. గ్యాస్ బిల్లు రెండింతలో మూడింతలో అయితే సంచిలోంచి ఇంకొకటి బయటికి పోవాలి, లేదా థర్మోస్టాట్ ముల్లు కిందికి తిప్పాలి. ఇది చాలదన్నట్టు కోవిడ్ తర్వాత గాలి ఆడాలని కిటికీలు తెరిచి ఉంచమన్నారు. గదిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే మీటర్లు 3 లక్షలు ఇస్తామని ప్రభుత్వం 2021లోనే ప్రకటించింది. ఒక మీటరు కిటికీ తెరవమంటుంది, ఇంకో మీటరు మూయమంటుంది. మధ్యలో టీచరు. 2022 నవంబరు బడ్జెట్ ప్రకటనలో బడులకు రాబోయే రెండేళ్లకు ఏటా 230 కోట్ల పౌండ్లు అదనంగా ఇస్తామన్నారు. డిసెంబరులో ఇంధన పొదుపు పనుల కోసం బడులకు, కాలేజీలకు కలిపి 50 కోట్ల పౌండ్లు ప్రకటించారు. సగటు ప్రాథమిక పాఠశాలకు దాదాపు 16 వేల పౌండ్లు వచ్చాయి. లైట్లు మార్చడానికి, పైపులకు తొడుగులు వేయడానికి అది పనికొస్తుంది. పైకప్పు మార్చడానికి చాలదు.

బిల్లు అంటే ధరను వాడకంతో హెచ్చవేసిన మొత్తం. ధర మాస్కోలోనో మార్కెట్‌లోనో తేలుతుంది. వాడకాన్ని మాత్రం భవనమే చాలావరకు తేలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లో పిల్లల సంఖ్య పెరిగింది, బడులు త్వరగా కట్టాలి. 1957లో కొన్ని స్థానిక ప్రభుత్వాలు కలిసి క్లాస్ప్ అనే ఉమ్మడి నిర్మాణ పద్ధతి తెచ్చాయి. అది పుట్టింది నాటింగ్‌హామ్‌షైర్‌లో. మన సింగరేణి ప్రాంతంలాగే బొగ్గు తవ్వకాలతో నేల కుంగే చోటు కాబట్టి, తేలికైన ఉక్కు చట్రం, ఫ్యాక్టరీలో చేసి తెచ్చిన పలకలు ఎంచుకున్నారు. అప్పటి సమస్యకు అది మెచ్చుకోదగిన ఇంజనీరింగే. కానీ చవకగా ఇంధనం దొరికే రోజులు కనుక, పలచని గోడల్లోంచీ పెద్ద పెద్ద అద్దాల్లోంచీ వేడి ఎంత పోతుందో ఎవరికీ పట్టలేదు. 1950ల నుంచి వాడిన గాలి బుడగల తేలిక కాంక్రీటు కథ ఇంకా విషాదం. 2023 ఆగస్టు 31న, సెలవులు ముగిసి బడులు తెరవబోయే ముందు, కూలే ప్రమాదం ఉంది కనుక ఆ కాంక్రీటు ఉన్న భాగాలు మూసేయమని 104 బడులకు, కాలేజీలకు కబురు వెళ్లింది. ఆ దేశపు జాతీయ ఆడిట్ కార్యాలయం 2023 జూన్ నివేదికలో, పెద్ద ఎత్తున మరమ్మతో పునర్నిర్మాణమో అవసరమైన బడుల్లో దాదాపు 7 లక్షల మంది పిల్లలు చదువుతున్నారని చెప్పింది. భవనాలను సరిగా నిలబెట్టుకోవాలంటే ఏటా 530 కోట్ల పౌండ్లు కావాలని విద్యాశాఖ లెక్క వేసింది, ఆర్థికశాఖ నుంచి వచ్చింది సగటున 310 కోట్లు. కామర్స్ విద్యార్థులు గమనించాలి. ఆ తేడాను ఎవరూ ఖర్చు కింద రాయలేదు, పొదుపు కింద చూపారు. చలికాలం రాగానే అదే గ్యాస్ బిల్లుగా బడి తలుపు తట్టింది. ఇలాంటి భవనాలకు ఇంధన సబ్సిడీ ఇవ్వడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. దాహం వేసినప్పుడు పోయక తప్పదు, కుండ మార్చకుండా పోస్తూనే ఉండటమే తప్పు.

చట్టం ఏం చేసిందో కూడా చూడండి. 1999 నాటి బడి ఆవరణల నిబంధనల్లో మామూలు తరగతి గదికి 18 డిగ్రీల సెల్సియస్ అనే అంకె ఉండేది. వాటి బదులు 2012లో వచ్చిన కొత్త నిబంధనల్లో ఆ అంకె లేదు. నియమాల బరువు తగ్గించామని అప్పుడు సంతోషించారు. మిగిలింది 1992 నాటి పని ప్రదేశాల నియమావళికి అనుబంధంగా ఉన్న 16 డిగ్రీల సూచన. అది ఉద్యోగుల కోసం రాసింది, అంటే టీచరుకు వర్తిస్తుంది కాబట్టి అదే గదిలో ఉన్న పిల్లలకూ కాస్త దక్కుతుంది. జర్మనీ ఇంకో దారిలో వెళ్లింది. 2022 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ కార్యాలయాలను 19 డిగ్రీలకు మించి వెచ్చబెట్టవద్దని ఆదేశించి, ఆసుపత్రులతో పాటు బడులను, శిశు కేంద్రాలను ఆ ఆదేశం నుంచి తప్పించింది. గ్యాస్ కొరత జర్మనీకే ఎక్కువ. అయినా ఎవరు చలి ఓర్చుకోవాలి, ఎవరు ఓర్చుకోనక్కర్లేదు అన్నది ముందే తేల్చుకుంది.

బడి గదులు వెచ్చగా ఉండాలన్న మాటకు అభ్యంతరాలున్నాయి. స్వెటర్ వేసుకుంటే సరిపోదా, మా కాలంలో ఇంత సుఖం ఎక్కడిది అని పెద్దవాళ్లు అంటారు. 18 నుంచి 17కి తగ్గితే స్వెటర్ చాలు, నిజమే. 12, 13 డిగ్రీల్లో గంటల తరబడి కదలకుండా కూర్చుని రాయాలంటే వేళ్లు బిగుసుకుంటాయి, వాటికి స్వెటర్ ఉండదు. పైగా ఆ చలికాలం ఎన్నో ఇళ్లలోనూ హీటర్లు ఆపేశారు, ఊళ్లలో గ్రంథాలయాలను వెచ్చని ఆశ్రయాలుగా తెరిచారు. ఇంట్లో చలికి వణికిన పిల్లవాడికి బడిలో కూడా అదే చలి అయితే ఇక పోయే చోటు లేదు. చలి వల్ల మార్కులు తగ్గుతాయని గట్టి రుజువు ఉందా అన్నది ఇంకో ప్రశ్న. ఇది మంచి ప్రశ్న. వేడి మీద ఉన్నంత గట్టి రుజువు చలి మీద లేదు. అమెరికాలో కోటి మంది విద్యార్థుల పరీక్ష ఫలితాలతో 2020లో వెలువడిన పరిశోధన ప్రకారం, ఏసీ లేని బడుల్లో ఏడాది సగటు వేడి ఒక్క డిగ్రీ ఫారన్‌హీట్ పెరిగితే ఆ ఏటి చదువులో దాదాపు 1 శాతం పోతుంది. చల్లని దేశాల్లో గదిని వెచ్చబెట్టడం మామూలు కాబట్టి చలి నష్టం కొలిచే అవకాశమే తక్కువ. ఆ మాటకొస్తే ఉద్యోగుల గదికి 16 డిగ్రీలు ఉండాలన్నప్పుడు వాళ్ల మార్కులు ఎవరూ అడగలేదు.

బిల్లు ప్రభుత్వమే కడితే బడులు దుబారా చేస్తాయన్న అభ్యంతరానికి మాత్రం నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఇంగ్లండ్‌లో బడి ఏడాదికి 190 రోజులు నడుస్తుంది. రోజుకు 7 గంటలనుకున్నా ఏడాదిలోని 8,760 గంటల్లో పిల్లలు ఉండేది 15 శాతమే. మిగిలిన 85 శాతం సమయంలో వెలిగే లైట్లు, మండే బాయిలర్ ఎవరికోసం? రాత్రి పూట, సెలవుల్లో ఎంత వాడకం జరుగుతోందో స్మార్ట్ మీటర్ లెక్కలతో పిల్లలకే చూపించే ఎనర్జీ స్పార్క్స్ లాంటి సంస్థలు అక్కడ పనిచేస్తున్నాయి. కాబట్టి బిల్లు కట్టే భారం, మీటర్ చూసే బాధ్యత వేరువేరుగా ఉండాలి. ధర మీద అదుపు లేని ప్రధానోపాధ్యాయుడి మీద ధర మోపకూడదు. వాడకం మీద ఆయనకున్న కాస్త అదుపును వదిలిపెట్టనూ కూడదు.

మన సంగతికి వద్దాం. చింతపల్లి, పాడేరు కొండల మీద, ఆదిలాబాద్ ఆశ్రమ పాఠశాలల్లో చలి నిజమే. అక్కడ కావలసింది బాయిలర్ కాదు, గాలి చొరబడని తలుపులు, వేడినీళ్లు, దుప్పట్లు. మిగతా తెలుగు నేలలో ఇంగ్లండ్ చలికి జోడు మన ఎండ. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు పెడతాం. గది వేడెక్కిపోతే గదిని బాగుచేయకుండా చదువు గంటలు కోయడం మనకు ఎంత సహజమైపోయిందంటే, అది ఒక నష్టమని కూడా అనిపించదు. ఇక డబ్బు సంగతి చూస్తే, కేంద్ర పథకమైన సమగ్ర శిక్ష కింద వచ్చే గ్రాంటు 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 50 వేల రూపాయలు, వెయ్యి దాటిన బడికి లక్ష. కరెంటు, ఇంటర్నెట్, నీళ్లు, బోధన సామగ్రి, చిన్న మరమ్మతులు అన్నీ అందులోంచే. మన దగ్గరా ఒకటే సంచి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు-నేడు, తెలంగాణలో 2022లో మొదలైన మన ఊరు-మన బడి పథకాలు బడులకు ఫ్యాన్లు, లైట్లు, నీటి మోటార్లు తెచ్చాయి. అవి రావలసినవే, కానీ ప్రారంభోత్సవం ఒక్కరోజు, బిల్లు ప్రతి నెలా. 2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత కరెంటు ప్రకటించడం ఆ భారాన్ని సరైన చోటికి మార్చిన పని. గోడల పని, కప్పు పని ఇంకా ఉంది. ఇందులో ప్రకృతి మనకు ఒక మేలు చేసింది. ఇంగ్లండ్‌లో వేడి ఎక్కువ కావలసిన డిసెంబరులోనే ఎండ తక్కువ, కాబట్టి సోలార్ పలకలు వేసినా గది వెచ్చబడే దారి సులువు కాదు. మన బడికి ఫ్యాన్ కావలసిన వేళకే నెత్తిన ఎండ ఉంటుంది. రేకుల కప్పు తీసి వేడి ఆపే కప్పు వేసి, దాని మీద పలకలు పెడితే ఒకే ఖర్చుతో రెండు పనులు నడుస్తాయి.

మీలో ఇంజనీర్లయినవారు రేపు పంచాయతీరాజ్‌లోనో సమగ్ర శిక్షలోనో బడి భవనానికి ఎస్టిమేట్ వేస్తారు. కట్టడానికి అయ్యే ఖర్చు పక్కన, ఆ భవనం 20 ఏళ్లు నడవడానికి అయ్యే కరెంటు ఖర్చు కూడా ఒక వరుసలో రాయండి. ఫారంలో ఆ గడి లేకపోతే విడి కాగితం జత చేయండి. పద్దులు చూసేవారు ఆ కాగితాన్ని పక్కన పడేయకండి. టీచర్లయ్యేవారు ఒంటిపూట బడులు మొదలుకాకముందే మార్చిలో మధ్యాహ్నం రెండింటికి మీ గదిలో ఎన్ని డిగ్రీలుందో పిల్లలతో కొలిపించి, రిజిస్టర్‌లో రాసి, పై అధికారికి పంపండి. అంకె లేని ఫిర్యాదుకు జవాబు రాయనక్కర్లేదని మన కార్యాలయాలకు బాగా తెలుసు.