ఎనిమిది మంది టీచర్లు పెట్టిన బడి



అమెరికాలో ఇండియానా రాష్ట్రానికి రాజధాని ఇండియానాపోలిస్. కార్ల పందేలకు పేరుమోసిన నగరం. 1987లో అక్కడ 'కీ స్కూల్' అనే సర్కారు బడి ఒకటి మొదలైంది. దాన్ని పెట్టింది ధనవంతుడైన దాతా కాదు, విశ్వవిద్యాలయమూ కాదు. ఆ ఊరి ప్రభుత్వ బడుల్లోనే పాఠాలు చెప్పుకుంటున్న ఎనిమిది మంది టీచర్లు. వాళ్ళలో ముందు నడిచి, తర్వాత ప్రిన్సిపాల్ అయినావిడ పేరు పట్రీషియా బొలానోస్. ఈ బడి గురించీ, దాని వెనకున్న ఒక పుస్తకం గురించీ, అందులో మన తరగతి గదికి పనికొచ్చేది ఏమిటన్న దాని గురించీ ఇవాళ నాలుగు మాటలు చెబుతాను.

ఆ పుస్తకం 'ఫ్రేమ్స్ ఆఫ్ మైండ్'. 1983లో వచ్చింది. రాసింది హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వవేత్త హోవర్డ్ గార్డ్‌నర్. ఆయన తోటి మనస్తత్వవేత్తల కోసం రాశాడు. వాళ్ళలో చాలామంది పెదవి విరిచారు. అందుకున్నది మాత్రం బడి పంతుళ్ళు. ఇండియానాపోలిస్ టీచర్లు ఎనిమిది మందీ పుస్తకం చదివారు. పెన్సిల్వేనియాలో కుట్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో గార్డ్‌నర్ ఉపన్యాసం ఉందని తెలిసి, రాష్ట్రాలు దాటి కారులో వెళ్ళి ఆయన్ని కలిశారు. మీ పుస్తకం ఆధారంగా బడి పెడతామన్నారు. గార్డ్‌నర్ సలహాదారుగా వెనక నిలబడ్డాడు. బడిని ఎలా నడపాలన్నది మాత్రం టీచర్లే ఆలోచించుకున్నారు. ఈ సంగతి నాకు పుస్తకం కన్నా ముఖ్యమనిపిస్తుంది.

పుస్తకంలో ఏముందో మన దగ్గర టెట్ రాసినవాళ్ళని, బీఈడీ చదివినవాళ్ళని అడిగితే నిద్రలో లేపినా చెబుతారు. భాషా ప్రజ్ఞ, తార్కిక గణిత ప్రజ్ఞ, సంగీత ప్రజ్ఞ, ప్రాదేశిక ప్రజ్ఞ, శారీరక గతి ప్రజ్ఞ, ఎదుటివాళ్ళని అర్థం చేసుకునే ప్రజ్ఞ, తనని తాను అర్థం చేసుకునే ప్రజ్ఞ. మొదట ఈ ఏడే. 1990ల్లో ప్రకృతి ప్రజ్ఞని కలిపాక ఎనిమిది. ఒక మార్కు బిట్టుకి ఇది చాలు. మేధస్సు అనేక రకాలుగా ఉంటుందని చెప్పిన సిద్ధాంతం మన దగ్గర బట్టీపట్టే పేర్ల పట్టికగా బతుకుతోంది. అంతకన్నా వింత ఇంకోటి ఉంటుందా?

పేర్లు పక్కన పెట్టి, ఆయనకి ఈ ఆలోచన ఎలా వచ్చిందో చూద్దాం. గార్డ్‌నర్ చిన్నప్పటినుంచీ పియానో వాయించేవాడు. పెద్దయ్యాక బోస్టన్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో మెదడు దెబ్బతిన్న రోగులతో ఏళ్ళ తరబడి పనిచేశాడు. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషి పాట పాడగలగడం, లెక్క తప్పని మనిషికి తన ఇంటి దారి తెలియకపోవడం లాంటివి అక్కడ రోజూ చూసేవే. అప్పటికే వైద్య గ్రంథాల్లోకి ఎక్కిన ఉదాహరణ ఒకటుంది. సోవియట్ స్వరకర్త విస్సారియన్ షెబాలిన్‌కి 1950ల్లో పక్షవాతం వచ్చి భాష బాగా దెబ్బతింది. మాటలు కూడబలుక్కోవడమే కష్టమైన ఆ మనిషి ఆ తర్వాత కూడా స్వరకల్పన చేస్తూనే ఉన్నాడు. 1963లో చనిపోవడానికి ముందు ఐదో సింఫనీ పూర్తి చేశాడు. మేధస్సు అనేది ఒకే సరుకైతే, ఒకటి పోయి ఇంకొకటి ఇలా చెక్కుచెదరకుండా ఎలా మిగులుతుంది? గార్డ్‌నర్ ప్రశ్న అది. ఆసుపత్రి దగ్గరే ఆగలేదు. పసిఫిక్ మహాసముద్రంలో పులువాట్ దీవి నావికులు ఏ పరికరమూ లేకుండా, నక్షత్రాలు ఉదయించే చోటుల్ని మనసులో పెట్టుకుని వందల మైళ్ళు పడవ నడుపుతారు. ఏ కాగితం పరీక్ష పెట్టినా ఆ తెలివి కనబడదు. ఒక సమాజం విలువైనదిగా ఎంచే పనిని చేయగలగడం, అక్కడి చిక్కుని విప్పగలగడం: మేధస్సుకి ఆయన చెప్పిన అర్థం ఇంతే.

ఇక బడిలోకి వద్దాం. కీ స్కూల్‌లో చేరడానికి ప్రవేశ పరీక్ష లేదు, లాటరీ తీసేవారు. చదవడం, రాయడం, లెక్కలతో పాటు సంగీతం, ఆటలు, కంప్యూటరు, స్పానిష్ భాష ప్రతి పిల్లకీ మామూలు టైంటేబుల్లో భాగమే. మన బడుల్లో డ్రాయింగ్ పీరియడ్‌ని లెక్కల మాస్టారు అడిగి తీసుకున్నట్టు అక్కడ తీసుకోవడానికి వీల్లేదు. వయసు తేడా లేకుండా పిల్లలంతా కలిసి ఒక పని నేర్చుకునే చిన్న బృందాలుండేవి. ఒక దాంట్లో తోటపని, ఒక దాంట్లో ఇళ్ళ నిర్మాణం. ఆరేళ్ళ పిల్ల పదేళ్ళ పిల్లాడి పక్కన నిలబడి నేర్చుకునేది. ఊళ్ళో ఏదో ఒక వృత్తిలో ఉన్నవాళ్ళు వారానికి ఒకరు వచ్చి తమ పని గురించి చెప్పేవారు.

ఇంకో గది ఉండేది. హంగరీ మూలాలున్న మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్, మనిషి పనిలో మునిగి కాలం మరిచిపోయే స్థితికి 'ఫ్లో' అని పేరు పెట్టాడు. ఆ గదికి ఆ పేరే. నిండా ఆటలు, చిక్కుముళ్ళు, బోర్డులు. పిల్లలు నచ్చినది తీసుకుని ఆడుకోవచ్చు. మార్కుల్లేవు. టీచరు ఒక పక్కన కూర్చుని, ఏ పిల్ల దేని దగ్గర ఎక్కువసేపు ఆగుతోందో గమనించి రాసుకునేది. పిల్లల్ని తెలుసుకోవడానికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి నాకైతే తట్టదు.

గమనించడం అన్నాను కాబట్టి ఇంకో సంగతి. గార్డ్‌నర్ బృందమూ, టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ఫెల్డ్‌మన్ బృందమూ కలిసి 'ప్రాజెక్ట్ స్పెక్ట్రమ్' పేరుతో చిన్నపిల్లల తరగతుల్లో కొన్ని పనులు పెట్టి చూశారు. తిండి రుబ్బే చేతి యంత్రాన్ని విప్పి మళ్ళీ బిగించడం అందులో ఒకటి. ఆరేళ్ళ కుర్రాడొకడు చదువులో బాగా వెనకబడ్డాడు. మళ్ళీ అదే తరగతిలో ఉంచాలన్నంత దాకా వచ్చింది. ఆ కుర్రాడు ఈ పనుల్లో అందరికన్నా ముందున్నాడు. వీడియో చూసిన టీచరమ్మ తన కళ్ళని తాను నమ్మలేకపోయింది. ఏడాదంతా తన ముందే కూర్చున్న పిల్లవాడు కదా! చేయగలిగింది ఒకటుందని తేలాక వాడి చదువు పట్ల టీచరు ధోరణి మారింది, వాడూ మారాడు.

దీన్నుంచి తప్పు పాఠం తీసుకోవడం చాలా తేలిక. "వీడికి చేతి ప్రజ్ఞ, చదువు ప్రజ్ఞ లేదు" అని నుదుట రాసేయడం. గార్డ్‌నర్ ఈ చీటీలంటించడాన్ని మొదటినుంచీ ఒప్పుకోలేదు. కొందరు కళ్ళతో, కొందరు చెవులతో నేర్చుకుంటారనే 'లెర్నింగ్ స్టైల్స్' మాటకీ తన సిద్ధాంతానికీ సంబంధం లేదని 2013లో ప్రత్యేకంగా వ్యాసం రాశాడు. మన నగరాల్లో ఇంకో వ్యాపారం నడుస్తోంది. పిల్లల వేలిముద్రలు స్కాన్ చేసి, ఏ ప్రజ్ఞ ఎంత శాతముందో రంగురంగుల పుస్తకం అచ్చువేసి ఇస్తారు. డీఎంఐటీ అంటారు. దానికి శాస్త్రీయ ఆధారం లేదు. గార్డ్‌నర్ పేరు వాడుకుంటారు కానీ, దాన్ని తాను సమర్థించనని ఆయనే చెప్పాడు. తల్లిదండ్రులారా, ఆ డబ్బుతో పిల్లలకి ఒక డప్పో, రెంచీల పెట్టో కొనివ్వండి. ప్రజ్ఞ సంగతి అదే తేలుస్తుంది.

పంతుళ్ళు చేసే పొరపాటు ఇంకోటుంది. ఎక్కాలకి బాణీ కట్టి పాడిస్తే సంగీత ప్రజ్ఞ వాడినట్టేననుకోవడం. గార్డ్‌నర్ 1995లో రాసిన వ్యాసంలో ఇలాంటివే తప్పుపట్టాడు. వెనక సంగీతం పెట్టి లెక్కలు చేయించడం, ప్రతి పాఠాన్నీ అన్ని ప్రజ్ఞలతోనూ చెప్పి తీరాలని పట్టుబట్టడం. పాట గుర్తుపెట్టుకోవడానికి సాయం చేస్తుంది, అంతవరకే. పాఠంలోని గుట్టు ఆ పాటలో ఉండాలి.

గుట్టు ఉండటమంటే ఏమిటో భిన్నాలతో చెబుతాను. ఐదో తరగతిలో సగం మంది పిల్లలు అరకి పావు కలపమంటే పైవి పైవి, కిందవి కిందవి కూడేసి రెండు బై ఆరు అంటారు. బోర్డు మీద ఎన్నిసార్లు కొట్టేసినా మళ్ళీ అదే. ఇప్పుడు ఆ తరగతిలో ఆది తాళం వేయించండి. ఎనిమిది అక్షరాలు. ముందు లఘువు: ఒక దెబ్బ, మూడు వేళ్ళు, అంటే నాలుగు. తర్వాత రెండు ద్రుతాలు, ఒక్కొక్కటీ దెబ్బ, విసురు, అంటే రెండేసి. ఎనిమిదిలో నాలుగు అర. రెండు పావు. అర, పావు, పావు కలిస్తే ఆవర్తనం నిండింది. లఘువు, ఒక ద్రుతం వేసి ఆపమనండి. ఎంతయింది? ఎనిమిదిలో ఆరు. మిగిలింది పావు. అర ఎప్పుడో దాటిపోయిందని పిల్లవాడి చేతికే తెలుసు. మరి రెండు బై ఆరు అంటే మూడో వంతు, అరకన్నా తక్కువ. అరకి ఇంకొంచెం కలిపితే అరకన్నా తగ్గడమేమిటని ప్రశ్న వాడిలోనే పుడుతుంది. ఇక్కడ తాళం అలంకారం కాదు, భిన్నమే.

కథలంటే చెవి కోసుకునే పిల్లలుంటారు. వాళ్ళకి పదిహేడు ఒంటెల పాత లెక్క చెప్పండి. పెద్దవాడికి సగం, నడిపివాడికి మూడో వంతు, చిన్నవాడికి తొమ్మిదో వంతు పంచమని తండ్రి రాసిపోయాడు. పదిహేడు సరిగ్గా తెగదు. తెలివైన పెద్దమనిషి తన ఒంటెని కలిపి పద్దెనిమిది చేసి, తొమ్మిది, ఆరు, రెండు పంచి, తన ఒంటెని తాను తోలుకుపోతాడు. అందరూ ఇక్కడ చప్పట్లు కొట్టి ఆపేస్తారు. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది: సగం, మూడో వంతు, తొమ్మిదో వంతు కలిపి చూడమనండి. పద్దెనిమిదిలో పదిహేడే వస్తుంది. వీలునామాలోనే తిరకాసుంది, తండ్రి మొత్తం ఆస్తి పంచనే లేదు.

కొలిచే పాత్రలు, నీళ్ళు ఇచ్చి వరండాలో వదిలితే మూడో దారి. ఒక పాఠానికి రెండో మూడో దారులు చాలు, ఎనిమిది అక్కర్లేదు. ఇంకో మాట. తాళంతో అర్థమైనవాడు తాళం దగ్గరే ఉండిపోకూడదు, కాగితం మీద సమాన హారాలు చేసి కూడాలి కూడా. ఏ తలుపులోంచి వచ్చినా అందరూ చేరాల్సిన గది ఒకటే.

సిద్ధాంతానికి ఎదురు వాదన చెప్పకుండా ముగిస్తే శ్రోతల్ని మోసం చేసినట్టు. రకరకాల మేధా పరీక్షలు పెడితే ఒకదాంట్లో బాగా చేసినవాళ్ళు సగటున మిగతావాటిలోనూ బాగానే చేస్తారని చార్లెస్ స్పియర్‌మన్ 1904లోనే గమనించాడు. ఆ ఫలితం ఇప్పటిదాకా చెక్కుచెదరలేదు. ఎనిమిది ప్రజ్ఞలూ దేనికది విడివిడిగా ఉంటాయని చూపించే పరీక్షా ఫలితాలు మాత్రం బలంగా లేవని చాలామంది మనస్తత్వవేత్తల మాట. వాళ్ళతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. అయినా పంతులుకి ఈ పుస్తకం పనికొస్తుంది. అర్థం కాని పిల్లవాడికి అదే మాట ఇంకా గట్టిగా చెప్పకుండా, ఇంకోలా చెప్పమంటుంది కాబట్టి.

కీ స్కూల్ మొదట ప్రాథమిక తరగతులతోనే నడిచింది. 1990ల్లో పై తరగతులు కలిశాయి, పేరు 'కీ లెర్నింగ్ కమ్యూనిటీ' అయింది. ప్రపంచం నలుమూలలనుంచీ చూడ్డానికి జనం వచ్చేవారు. బొలానోస్ 2003లో చనిపోయారు. చివరి ఏళ్ళలో రాష్ట్ర పరీక్షల ఫలితాలు బాగా లేవు. 2016లో బడి మూతపడింది. అందరికీ ఒకే కాగితం పరీక్ష పెట్టే రాష్ట్రంలో అలాంటి బడి ముప్పై ఏళ్ళ దాకా నిలబడటమే విశేషమని ఒకరనొచ్చు, చదవడం రాయడం గట్టిగా పట్టించుకోలేదేమోనని ఇంకొకరనొచ్చు. రెండిట్లోనూ నిజముందని నా అనుమానం. సెయింట్ లూయిస్ నగరంలో న్యూ సిటీ స్కూల్ అనే ప్రైవేటు బడి టీచర్లు కూడా 1988లో ఇదే పుస్తకాన్ని కలిసి కూర్చుని చదివి, తమ తరగతుల్లో వాడటం మొదలుపెట్టారు. రెండు చోట్లా కదలిక టీచర్లలోంచే వచ్చింది. అదే కొత్త పద్ధతి పైనుంచి సర్క్యులర్‌గా దిగితే ఏమవుతుందో మనకి తెలుసు. సమగ్ర మూల్యాంకనంలో ప్రాజెక్టు పనులు వచ్చాక ఏమైంది? స్టేషనరీ దుకాణంలో రెడీమేడ్ చార్టులు వచ్చాయి, రాత్రి పదింటికి అమ్మానాన్నలు థర్మోకోల్ కోస్తూ కూర్చున్నారు.

దీనికి కీ స్కూల్ దగ్గర మందుండేది. ప్రతి ఏడాదీ పిల్లలు ఒక అంశం మీద ప్రాజెక్టులు చేసి, తరగతి ముందు నిలబడి చెప్పేవారు. ఈ ఆలోచన ఎలా వచ్చింది, ఎక్కడ చిక్కుపడ్డావు, ఇంకోసారి చేస్తే ఏం మారుస్తావు అని టీచరూ తోటి పిల్లలూ అడిగేవారు. అదంతా వీడియో తీసి, పిల్ల బడిలో ఉన్నన్నాళ్ళూ దాచేవారు. నాన్న కోసిన థర్మోకోల్ రెండో ప్రశ్నకే దొరికిపోతుంది. అప్పట్లో దానికి పెద్ద కెమెరా, టేపులు కావాలి. ఇవాళ ప్రతి టీచరు చేతిలోనూ ఫోనుంది. జూన్‌లో రెండు నిమిషాలు, ఫిబ్రవరిలో రెండు నిమిషాలు అదే పిల్లని అదే ప్రశ్న అడిగి తీయండి. తల్లిదండ్రుల సమావేశం రోజున మార్కుల కాగితం ఇచ్చేముందు ఆ రెండూ వరసగా చూపించండి.